‘ది సబ్‌స్టెన్స్’లో అద్దం ముందు సీను

బెజవాడలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. నాకూ యాభై దాటాయి. అందుకే ‘ది సబ్‌స్టెన్స్’ అనే ఇంగ్లీషు సినిమా చూశాక దాని మీద ఎవరేం రాశారో వెతికి మరీ చదివాను. వయసు మీద పడిందని షో పోగొట్టుకున్న ఎలిజబెత్ (డెమీ మూర్) ఒక మందు ఎక్కించుకుని, తన శరీరం నుంచే ఒక పడుచు రూపాన్ని పుట్టించుకునే కథ అది.

మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవంలో దర్శకురాలు కొరలీ ఫార్జాకి ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి వచ్చింది. 2025 జనవరిలో డెమీ మూర్‌కి ఉత్తమ నటిగా గోల్డెన్ గ్లోబ్ అవార్డు వచ్చింది, అదీ మ్యూజికల్ లేదా కామెడీ విభాగంలో. ఇంత రక్తం కారే సినిమా కామెడీ ఎలా అవుతుందని కొందరు అడిగారు. నాకైతే కామెడీయే. టీవీ పెద్ద హార్వీ రొయ్యలు నములుతూ, యాభై నిండిన ఎలిజబెత్‌ని షో నుంచి తీసేస్తాడు. కెమెరా అతని నోట్లోకి దూరినంత పని చేస్తుంది. ఆడవాళ్ల వయసు మీద తీర్పు చెప్పే నోటిని అంత దగ్గర్నుంచి చూస్తే నవ్వూ వస్తుంది, కడుపులో దేవుతుంది కూడా.

విమర్శకులకి తేడా వచ్చింది వేరే చోట. ముసలి శరీరాన్ని వికారంగా చూపించి, ఏ భయాన్ని తిడుతోందో దాన్నే సినిమా వాడుకుంటోందని ఒక వాదన. ఆ భయం మన తలలో ఉన్నదే కాబట్టి అలాగే చూపించాలని ఇంకో వాదన.

నాకు ఆ రెండిటికన్నా అద్దం సీను ముఖ్యం. పాత క్లాస్‌మేట్ ఫ్రెడ్‌ని కలవడానికి ఎలిజబెత్ తయారవుతుంది. చాలా అందంగా ఉంటుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొస్తుంది. ఇంకొంచెం రంగు వేస్తుంది, మెడకి స్కార్ఫ్ చుడుతుంది, మళ్లీ అద్దం. చివరికి చేత్తో ముఖమంతా పులిమేసుకుని ఇంట్లోనే ఉండిపోతుంది. నా కుర్చీలో ఇలాంటివాళ్లు కూర్చుంటారు. మేనకోడలి పెళ్లికని వచ్చిన ఒకావిడ చక్కగా నప్పిన లిప్‌స్టిక్‌ని టిష్యూతో తుడిచేసి, “ఈ వయసులో ఇదేంటి అంటారేమో అక్కా” అంది. ఆ అనేవాళ్లెవరూ అక్కడ లేరు. ఈ సినిమాకి మేకప్‌లో ఆస్కార్ వచ్చింది. ఆ ప్రోస్థెటిక్స్ (ఒంటికి అతికించే కృత్రిమ చర్మం, అవయవాలు) పనితనానికి దండం పెడతాను. కానీ మేకప్ మనిషినేం చేస్తుందో తెలిసింది మాత్రం ఈ సీనులోనే.

ఉత్తమ నటి ఆస్కార్ మాత్రం డెమీకి కాకుండా ‘అనోరా’ సినిమాకి మైకీ మ్యాడిసన్ గెలుచుకుంది. అప్పుడు ఆమెకి 25, డెమీకి 62. సినిమా కథే నిజమైందని చాలామంది రాశారు. నాకు నచ్చలేదు. మైకీ బాగా చేసింది, బహుమతి తీసుకుంది. ఇద్దరు ఆడవాళ్లని పక్కపక్కన నిలబెట్టి వయసులు లెక్కపెట్టడం హార్వీ పని.

చివరి అరగంటతో మాత్రం నాకు పేచీ ఉంది. రక్తం ఎక్కువైందని కాదు. ఎలిజబెత్ శరీరం ముక్కముక్కలయ్యేదాకా శిక్ష పడింది. హార్వీ, అతని వాటాదారులు రక్తంలో తడిశారు, అంతే. వాళ్లకి ఇంకా గట్టిగా తగలాల్సింది.