పర్లాకిమిడిలో కొత్త కంప్యూటర్: ఎర్తింగ్ నుంచి ర్యామ్ దాకా పరీక్షలు

చెల్లెలి చదువు కోసం ఇంట్లోనే కంప్యూటర్ జోడించాను. ఆన్ అయి, విండోస్ ఎక్కితే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. నాకైతే పరీక్షలే అసలు పని, అవి ప్లగ్గు పెట్టకముందే మొదలు. ఒడిశాలోని మా పర్లాకిమిడికి సామానంతా విశాఖ నుంచి తెచ్చింది. ఏదైనా తేడా వస్తే పాతపట్నం, టెక్కలి మీదుగా మళ్లీ బస్సెక్కాలి. షాపులో వెంటనే మార్చి ఇచ్చే గడువు కొద్దిరోజులే, అది దాటితే సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరగాలి. దాగి ఉన్న లోపం ఏదైనా ఉంటే ఆ గడువులోపే బయటపడాలని పరీక్షలన్నీ వరసగా పెట్టాను.

ప్రాసెసర్ రైజెన్ 5 7600, దాని డబ్బాలో వచ్చిన కూలరే బిగించాను. బి650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 550 వాట్ల పవర్ సప్లై. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది, చదువుకి అది చాలు.

అన్నిటికన్నా ముందు గోడ ప్లగ్గు చూశాను. మాది పాత ఇల్లు, మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన మూడో రంధ్రం వెనక ఎర్త్ ఉంటుందన్న నమ్మకం లేదు. మల్టీమీటర్ పెడితే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 226 వోల్టులు, బాగానే ఉంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మాత్రం అంకె ఒకచోట నిలవలేదు, వందకి అటూ ఇటూ ఊగింది. అంటే ఎర్త్ తీగ ఎక్కడో తెగి ఉంది. ఇలాంటి ఇంట్లో కంప్యూటర్ పెడితే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు వేలికి జివ్వుమంటుంది. పవర్ సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లు క్యాబినెట్‌కి కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ ఇనప డబ్బా మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ నిలుస్తుంది. కరెంట్ చాలా స్వల్పమే. కానీ లోపల ఎప్పుడైనా ఫేజ్ తీగ బాడీకి తగిలితే మాత్రం అది ప్రాణం మీదికి వస్తుంది. ప్రింటరో టీవీయో కేబుల్‌తో కలిపినప్పుడు పోర్టులు పోయే ప్రమాదం కూడా ఉంది.

మా వీధిలో వైరింగ్ పని చేసే మావయ్యని పిలిచాను. "ముందు గొయ్యి సూద్దాం బాబూ, తర్వాత నీ కంప్యూటర్ సంగతి" అన్నారు. పెరట్లో ఎర్త్ పైపు దగ్గర తవ్వితే తీగ తుప్పు పట్టి ఊడిపోయి ఉంది. కొత్త తీగ బిగించి, పైపు చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, నీళ్లు పోయించారు. ఎండాకాలం అప్పుడప్పుడు అక్కడ నీళ్లు పోస్తుండమని మా అమ్మకి మరీమరీ చెప్పి వెళ్లారు. తర్వాత కొలిస్తే ఫేజ్–ఎర్త్ 225, న్యూట్రల్–ఎర్త్ 2 వోల్టుల లోపే. అప్పుడు గానీ పవర్ కేబుల్ ప్లగ్గులో పెట్టలేదు.

డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేయగానే బొమ్మ చూపించవు. బోర్డు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ సమయమంతా తెర నల్లగానే ఉంటుంది. బోర్డు మీద ర్యామ్ లైటు వెలుగుతూ ఉంటుంది. చూసేవాళ్లకి టెన్షనే, అయినా మధ్యలో స్విచ్ ఆపకూడదు. టీ తాగి వచ్చేసరికి బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగులు) తెర వచ్చింది. అక్కడ ర్యామ్ మొత్తం 32 జీబీ కనబడుతోందా, రెండు స్టిక్కులూ డ్యూయల్ ఛానెల్‌లో, అంటే జంటగా ఒకేసారి పనిచేసేలా, ఉన్నాయా చూశాను. రెండే స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. బోర్డుతో వచ్చిన పుస్తకంలోనూ అదే ఉంది.

ర్యామ్ వేగాన్ని నేరుగా 6000కి పెంచేయాలనిపిస్తుంది. పెంచలేదు. ముందు మామూలు వేగం 4800 దగ్గరే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా వదిలేశాను. ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌లు ఉంటాయి, అంటే మొత్తం పరీక్ష నాలుగుసార్లు. ఇందులో ఒక్క తప్పు వచ్చినా ఒప్పుకోకూడదు. "ఒకటే కదా" అని వదిలేస్తే అది రేపు ఫైళ్లని పాడుచేస్తుంది. సున్నా వచ్చాకే బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పెద్ద వేగానికి పెంచే సెట్టింగు) ఆన్ చేసి 6000 దగ్గర మళ్లీ అదే పరీక్ష పెట్టాను, అక్కడా సున్నానే. ఈ వరస ఎందుకంటే, రెండో విడతలో తప్పులు వస్తే స్టిక్కు పాడైందా, వేగం తట్టుకోలేకపోతోందా అన్నది వెంటనే తేలుతుంది. మొదటి విడతలోనే వస్తే ఒక్కో స్టిక్కుని విడిగా పెట్టి చూడాలి.

విండోస్ ఎక్కించాక, ప్రాసెసర్‌ని పూర్తి లోడ్ మీద పరీక్షించే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు నడిపాను, తర్వాత ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే పరీక్ష గంటసేపు. రెండోది మామూలు వాడకంలో ఎప్పుడూ రానంత వేడి పుట్టిస్తుంది. గది 33 డిగ్రీలు, ఫ్యాన్ తప్ప ఏసీ లేదు. సినీబెంచ్‌లో 86, ప్రైమ్95లో 91 డిగ్రీల దగ్గర నిలిచింది. ఈ ప్రాసెసర్ హద్దు 95. వేడీ వేగమూ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రతి కోర్ వేగమూ చూస్తూ కూర్చున్నాను. ఒక్క కోర్ వేగమూ పడిపోలేదు, లెక్క తప్పిందని ప్రైమ్95 ఏ వర్కర్‌నీ (కోర్ల మీద నడిచే లెక్కని) ఆపలేదు. ఇంటర్నెట్‌లో 70 డిగ్రీలు చూపించే ఫొటోలతో పోల్చుకుని కంగారు పడనక్కర్లేదు. వాళ్ల గది 22 డిగ్రీలైతే మన గదికీ వాళ్ల గదికీ అక్కడే పదకొండు డిగ్రీల తేడా.

ఎస్ఎస్‌డీకి దాని ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు. కొత్తదని అమ్మినదానికి పవర్ ఆన్ గంటలు సున్నాకి దగ్గరగా ఉండాలి, డేటా తప్పుల వరసలో సున్నా ఉండాలి. 1 టీబీకి 931 జీబీ చూపిస్తే మోసమేమీ లేదు. కంపెనీ వెయ్యితో, విండోస్ 1024తో లెక్కపెడతాయంతే. వైఫై, ముందున్న యూఎస్‌బీ పోర్టులు, హెడ్‌ఫోన్ జాక్, స్లీప్‌లోకి వెళ్లి లేవడం, అన్నీ బాగున్నాయి.

చెల్లెలికి ఒడియా, తెలుగు రెండూ టైప్ చేయాలి. రెండింటికీ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక పెట్టాను. తెలుగు 'క' ఏ మీటలో ఉంటే ఒడియా 'క' కూడా అక్కడే, ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చేసినట్టే. కీబోర్డులో ప్రతి మీటా పనిచేస్తోందో లేదో ఆ వంకన తనే చూసేసింది.

మా ఊళ్లో కాలబైశాఖి (ఎండాకాలపు) గాలివానలు మొదలైతే కరెంట్ చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకే ప్రైమ్95 నడుస్తుండగా గోడ స్విచ్ ఆపి యూపీఎస్‌ని పరీక్షించాను. కంప్యూటర్ రీస్టార్ట్ కాలేదు. ఖాళీగా ఉన్నప్పుడు ఆపి చూస్తే ఆ పరీక్షకి అర్థం లేదు, లోడ్ మీదే చూడాలి. విండోస్ తప్పులన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో ఏమీ రాకూడదు, వస్తే హార్డ్‌వేర్ ఫిర్యాదు చేస్తోందని అర్థం. కంప్యూటర్ సరిగా మూయకుండా ఆగిపోయిందని చెప్పే కెర్నల్ పవర్ 41 మాత్రం కరెంట్ పోయి ఆగిపోయినా వస్తుంది. కాబట్టి కరెంట్ పోయిన వేళలు బల్ల మీద నోట్‌బుక్‌లో రాసిపెట్టమన్నాను. ఆ వేళలతో కలవని 41 ఎప్పుడైనా కనబడితే పవర్ సప్లైని అనుమానించాలి. ఇప్పటికి అలాంటిది ఒక్కటీ లేదు.

ఎండలు ముదిరాక అదే ప్రైమ్95ని మధ్యాహ్నం రెండింటికి మళ్లీ పెడతాను. గది 38 దాటినప్పుడు 95 తగిలి వేగం తగ్గితే ముందు బయోస్‌లో ప్రాసెసర్ కరెంట్ వాడకం తగ్గించే ఎకో మోడ్ పెట్టి చూస్తాను, అప్పటికీ సరిపోకపోతే పెద్ద టవర్ కూలర్ కొనాలి.