కంపెనీ సర్వీసా, బయట మెకానిక్కా: కె.ఆర్.పురంలో నా కారు

మదనపల్లె నుంచి ఉద్యోగం కోసం బెంగళూరుకు వచ్చి కె.ఆర్.పురంలో కాపురం పెట్టిన మూడేళ్లకు, 2019లో, ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాను. ఊళ్లో మా నాన్నగారి స్కూటరుకు ఏ ఇబ్బంది వచ్చినా బస్టాండు దగ్గరి మెకానిక్కుకు అప్పగించి వచ్చేవాళ్లం. అతను మా తాతగారి కాలం నుంచి తెలిసినవాడు కాబట్టి ఏం మార్చాడని అడగవలసిన అవసరమే రాలేదు. ఇక్కడ అటువంటి మనిషి లేడు. కన్నడం అప్పటికి బస్సు ఎక్కి దిగేంతవరకే వచ్చేది. అందుకే వారంటీ ఉన్న రెండేళ్లూ కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళ్లాను. చేయవలసిన పనులన్నీ జాబ్ కార్డు అనే కాగితంలో రాసి, రసీదు చేతికిస్తారన్న ధైర్యం నాకు వారంటీ కంటే ఎక్కువగా ఉండేది.

మొదటి మూడు సర్వీసులు ఉచితమంటే కూలి మాత్రమే ఉచితమనీ, ఆయిలుకు, ఫిల్టరుకు డబ్బు కట్టాలనీ మొదటి బిల్లు చూశాకే తెలిసింది. అది న్యాయమే. కాని ఆ తరువాత ప్రతిసారీ ఇంజన్ లోపల కడిగే ఇంజన్ ఫ్లష్ అనీ, అందులోని మసిని తీసే డీకార్బనైజేషన్ అనీ, ఏసీ శుద్ధి అనీ ఎస్టిమేటులో కొత్త వరుసలు చేరుతూ వచ్చాయి. ఒక రాత్రి కూర్చుని కారుతో వచ్చిన మాన్యువల్ మొత్తం చదివితే, నా కారుకు నిర్ణీత సర్వీసులో చేయవలసిన పనుల పట్టికలో వాటిలో ఒక్కటీ కనిపించలేదు. అదే పుస్తకంలో నేను అంతవరకు పట్టించుకోని మాట ఒకటి ఉంది: 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందు వస్తే అప్పుడు ఆయిలు మార్చాలి, ఆగి ఆగి సాగే ప్రయాణాలైతే ఇంకా ముందే మార్చాలి. బెళ్లందూరులోని మా ఆఫీసుకు టిన్ ఫ్యాక్టరీ, మారతహళ్లి మీదుగా ఉన్న పన్నెండు కిలోమీటర్ల దారికి గంటకు పైగా పడుతుంది. మీటరు ఏడాదికి ఆరేడు వేలు కూడా దాటదు గాని, ఇంజను మాత్రం అన్ని గంటలూ తిరుగుతూనే ఉంటుంది. బెంగళూరులో కారు నడిపేవాళ్లు కిలోమీటర్లను కాక నెలలను లెక్కపెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

వారంటీ ముగిసిన కొద్ది నెలలకు, గతుకుల మీద ముందు చక్రాల వైపు టకటకమని చప్పుడు మొదలయింది. సర్వీస్ సెంటరులో ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలని చెప్పి రూ.16,400 ఎస్టిమేటు ఇచ్చారు. బండి కింద నిలబడి చూస్తానంటే కస్టమర్లకు లోపలికి ప్రవేశం లేదన్నారు. మా అపార్ట్‌మెంటులో ఉండే కర్నూలు ఆయన ఒకరు రామమూర్తినగర్‌లోని చిన్న షెడ్డుకు పంపించారు. హిందూపురం వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్న ఆ మెకానిక్కు కారును జాకీ మీదికి ఎత్తి, నన్ను వంగి చూడమని, ఒక సన్నటి కడ్డీని పట్టుకుని ఊపి చూపించాడు.

“షాకులు బాగుండాయి సార్. ఈ లింకు పోయింది. చెయ్యి పెట్టి చూడండి,” అన్నాడు.

చెయ్యి పెడితే దాని కీలు వదులుగా ఆడింది. రెండు వైపులా మార్చడానికి కూలితో కలిపి రూ.2,100 అయింది. పాత లింకులు రెండూ కాగితంలో చుట్టి నా చేతికే ఇచ్చాడు. ఊరు విడిచి వచ్చాక, నా డబ్బు ఎక్కడికి పోయిందో కళ్లతో చూడగలిగిన సందర్భం అదే మొదటిది.

అయితే బయట మెకానిక్కు అన్ని పనులకూ సరిపోతాడని నేను అనను. మరుసటి సంవత్సరం ఒక ఉదయం హారన్ మోగడం మానేసింది, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరలేదు. రామమూర్తినగర్ మెకానిక్కు చిన్న స్కానర్ పెట్టి, అందులో కనిపించిన లోపం కోడ్ చూసి, స్కానర్ తీసేశాడు.

“ఇందులో నేను చెయ్యి పెట్టను అన్నా, కంపెనీకే పోండి,” అన్నాడు, అప్పటికి సార్ అనడం మానేసి.

హారన్‌కు, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే, స్టీరింగ్ కింద చుట్టగా ఉండే కేబుల్ తెగిందని సర్వీస్ సెంటరులో తేల్చి, మార్చి, ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను పరీక్షించి ఇచ్చారు. చేతకాని పనిని చేతకాదని చెప్పినందువల్లనే మిగిలిన పనులకు అతని మీద నమ్మకం స్థిరపడింది.

బయట పని చేయిస్తే వారంటీ మొత్తం పోతుందనే భయం చాలామందిలో ఉంది. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్, విడిభాగాలను బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదన్న కారణంతో, 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీని గుండుగుత్తగా రద్దు చేయకూడదనీ, ఆ రిపేరు లోపం వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చనీ కూడా ఆదేశించింది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి. ఏ నష్టం ఎవరి వల్ల జరిగిందో తేల్చుకునే తగాదా నెలజీతం మనిషికి భారమే కాబట్టి, వారంటీ ఉన్నంతవరకు నేను మాత్రం కంపెనీ సర్వీసును వదిలి బయటికి వెళ్లను.

ఇప్పుడు ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ పనులు రామమూర్తినగర్‌లో చేయిస్తున్నాను. సామాను కోసం టౌన్ హాల్ దగ్గరి జె.సి.రోడ్డుకు వెళ్లి, పార్ట్ నంబరు, పెట్టె మీది ధర సరిచూసి, బిల్లుతో కొంటాను. కారు అమ్మేనాడు చూపడానికి ఆ బిల్లులన్నీ ఒక ఫైలులో ఉంచాను. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్పిస్తాను. హొసకోటె, చింతామణి మీదుగా పిల్లలతో ఊరికి వెళ్లే ముందు బ్రేకుల విషయంలో బేరమాడను.

ఈమధ్య మా ఆఫీసులో చేరిన రాజమండ్రి కుర్రవాడు ఎక్కడ సర్వీసు చేయించాలని అడిగాడు. అతని కారు వారంటీ ఇంకా నాలుగు నెలలుంది. ఆ గడువులోనే కంపెనీకి తీసుకువెళ్లి, వినిపించే ప్రతి చప్పుడునూ జాబ్ కార్డులో రాయించి, దాని నకలు దగ్గర పెట్టుకోమని చెప్పాను. శనివారానికి బుక్ చేసుకున్నాడు. నేనూ వెంట వెళుతున్నాను.