పాత హెరాల్డ్‌లో ఏమేమి మారాయో ఎవరు చెప్పాలి?

మద్రాసు శివారులోని పెరుంగళత్తూరు ప్రాంతంలో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకు ఇప్పుడు కంపెనీ లేదు, డీలరు లేడు, విడిభాగాల గిడ్డంగి అంతకన్నా లేదు. కర్మాగారం మూతపడి మూడు దశాబ్దాలు దాటింది. అందువల్ల ఈనాటికీ చెన్నై రోడ్ల మీద తిరుగుతున్న ప్రతి హెరాల్డూ దొరికిన భాగాలతో, చేతనైన మేస్త్రీతో, యజమాని ఓపికను బట్టి మార్పులు చేయించుకున్నదే. ఒక కారులో మారుతీ 800 కార్బురేటర్ ఉంటే, మరొక దానిలో వేరే కారు నుంచి తీసిన ఎలక్ట్రిక్ ఫ్యాను ఉంటుంది. మన చేతిలో ఉన్న వర్క్‌షాపు మాన్యువల్ వర్ణించే కారు మన షెడ్డులో ఉండదు. ఈ పరిస్థితిలో యజమానులు తాము చేయించిన మార్పుల వివరాలను ఒకరితో ఒకరు పంచుకోకపోతే, తరువాత వచ్చేవారు ప్రతిదీ విప్పి చూసి తెలుసుకోవలసిందే.

ఎర్త్ సంగతి, అంటే బ్యాటరీ ఏ కొసను కారు బాడీకి కలిపారన్నది, తీసుకుందాం. ఆనాటి బ్రిటిష్ కార్ల పద్ధతిలోనే తొలినాటి హెరాల్డ్‌లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. తరువాతి కాలంలో రేడియో కోసమో, ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే పాత డైనమో స్థానంలో అదే పని చేసే కొత్త రకం ఆల్టర్నేటర్ బిగించడానికో చాలామంది దానిని నెగటివ్ ఎర్త్‌కు మార్పించారు. అది బ్యాటరీ వైర్లు తారుమారు చేయడంతో అయిపోయే పని కాదు. డైనమోను అలాగే ఉంచదలిస్తే దాని ఫీల్డు టెర్మినల్‌కు బ్యాటరీ నుంచి క్షణకాలం వైరు తాకించి కొత్త ధ్రువత్వం (పాజిటివ్, నెగటివ్ దిశ) కల్పించాలి. నిప్పురవ్వకు కావలసిన అధిక వోల్టేజీ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ మీద ఎస్‌డబ్ల్యు, సీబీ అని గుర్తులున్న రెండు చిన్న వైర్లనూ అటూ ఇటూ మార్చాలి; లేకపోతే కారు నడుస్తుంది గానీ నిప్పురవ్వ బలహీనపడి, ఎక్కువ వేగంలో ఇంజిన్ తడబడుతుంది. ఇంత పని చేయించినవారు బానెట్ లోపల ఒక చిన్న చీటీ కూడా అంటించకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ కారు కొన్నవారు మాన్యువల్ నమ్మి, పాజిటివ్‌ను బాడీకి కలిపి కొత్త బ్యాటరీ బిగిస్తే, ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు కళ్ళు మూసి తెరిచేలోగా కాలిపోతాయి. మా పరిచయస్థులలో ఒకరికి అచ్చంగా ఇదే జరిగింది. కాబట్టి "ఆల్టర్నేటర్ పెట్టించాను" అన్న ఒక్క వాక్యం నమోదు కాదు. అది ఏ కారుది, బ్రాకెట్ ఎక్కడ చేయించారు, డైనమో కరెంటును అదుపు చేసే పాత రెగ్యులేటర్ పెట్టె ఇంకా పనిచేస్తోందా లేక వైర్లు కలిపే చోటుగా మాత్రమే మిగిలిందా అన్నవి తెలిస్తేనే అది మరొకరికి పనికివస్తుంది.

ఇంజిన్ లోపలి కొలతలు ఇంకా ముఖ్యం, ఎందుకంటే అవి పైకి కనిపించవు. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు క్రాంకును ఒకసారి గ్రైండింగ్ చేయించాక పది థౌ, ఇరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) అండర్‌సైజు బేరింగులే వేయాలి. సిలిండర్లు బోరింగ్ చేయిస్తే పిస్టన్ల సైజు కూడా మారుతుంది. చెన్నైలోని పుదుప్పేటలో పాత బేరింగులు అమ్మే దుకాణానికి ఒక మిత్రుడితో వెళ్ళినప్పుడు, అక్కడి పెద్దాయన, "సైజు తెలీకుండా వచ్చి అడిగితే నేనేం ఇచ్చేది సార్?" అని నవ్వేశాడు. ఆ ఒక్క అంకె కోసం ఇంజిన్ దించవలసి వచ్చింది. వెనుకటి యజమాని బిల్లు వెనుక క్రాంకు రెండు రకాల బేరింగుల సైజు "మెయిన్ 20, బిగ్ ఎండ్ 10" అని రాసి ఉంచితే సరిపోయేది.

కొన్ని మార్పులు ఎంత చిన్నవంటే, వాటిని మార్పులని ఎవరూ అనుకోరు. హెరాల్డ్ ముందు సస్పెన్షన్‌లో చక్రాన్ని పట్టుకునే నిలువు లింకు కింది మరలు (స్క్రూ గాడులు) ట్రనియన్ అనే లోహపు దిమ్మెలో తిరుగుతూ ఉంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరల మీదే కదలిక జరుగుతుంది. అక్కడ గేర్ ఆయిల్, అంటే ఈపీ 90 రకం, పోయాలని తయారీదారు సూచన. ఎవరో సౌకర్యం కోసం గ్రీజు ఎక్కించే చిన్న మూతి, అంటే నిపిల్, బిగిస్తారు, తరువాతి మెకానిక్ సహజంగానే గ్రీజు కొడతాడు. గ్రీజు మరల మధ్యకు సరిగా చేరదు, తేమ చేరి లింకు తుప్పు పడుతుంది, చివరకు విరిగితే చక్రం లోపలికి వాలిపోతుంది. వానాకాలంలో నీళ్ళు నిలిచే మన వీధుల్లో ఇది ఊహాగానం కాదు. నిపిల్ పక్కనే "ఆయిల్ మాత్రమే" అని పెయింటుతో రాయించడం, ఆ సంగతి నమోదులోనూ చేర్చడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

బ్రేకుల విషయంలోనూ ఇంతే. డ్రమ్ముల కోసం లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే కవాటాన్ని తీయకుండా ముందు డిస్కులు బిగిస్తే ప్యాడ్లు రాసుకుంటూ వేడెక్కుతాయి. బాగున్నదాని గురించే చెప్పి, విఫలమైనదాన్ని దాచిపెట్టే నమోదుల వల్ల ఈ తప్పు మళ్ళీ మళ్ళీ జరుగుతోంది. మూడు నెలలకే పీకేయవలసి వచ్చిన మార్పు వివరం నాకు నాలుగు విజయగాథలకన్నా విలువైనది.

వివరాలు దాచడానికి అసలు కారణం భయమే. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 50 ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసేందుకు 2021లో వచ్చిన నిబంధనలు కూడా ఛాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మారకూడదంటాయి. ఇంజిన్ మార్చినవారు మౌనంగా ఉండటం అందుకే అర్థమవుతుంది, కానీ దాన్ని నేను సమర్థించను. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది కొనుక్కున్నవారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా ట్యూరిన్ చార్టర్ సైతం చేసిన పనిని నమోదు చేసి, ఆ పత్రాలను వాహనంతోనే ఉంచాలని కోరుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పాత కార్ల గుర్తింపును వేరే బండికి అంటగట్టే మోసగాళ్ళు ఉన్నారు కనుక, ఇతరులకు ఇచ్చే నమోదు ప్రతిలో ఛాసిస్, ఇంజిన్, రిజిస్ట్రేషన్ నంబర్లు కప్పివేసి, మోడలు, సంవత్సరం మాత్రమే ఉంచాలి. మార్పుల వివరాలు, నంబర్లన్నీ ఉన్న అసలు నమోదు పుస్తకం కారుతోపాటు కొన్నవారికి చేరాలి. తీసేసిన డైనమో, పాత కార్బురేటర్ ఏ పెట్టెలో ఉన్నాయో కూడా అందులోనే రాసి, ఆ పెట్టెను కూడా వారికే ఇవ్వాలి.