రెండు చెంచాల బాలామృతం

మా అక్క అంగన్‌వాడీ టీచర్. పసిపిల్లల కోసం నెలకి 2.5 కిలోల బాలామృతం పిండి ప్యాకెట్ ఇస్తే, కొన్ని ఇళ్లలో అది లడ్డూలై ఇంటిల్లిపాదికీ పోతుందని తన బాధ. "బుడ్డోడి నోట్లోకెళ్లేది రెండు చెంచాలేరా!" అంటుంది.

మొన్న కరీబియన్ దీవి బార్బడోస్‌లో జరిగిన ఓ అధ్యయనం గురించి చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది. 1967-72 మధ్య పుట్టి, మొదటి ఏడాదిలోనే పోషకాహార లోపంతో ఆసుపత్రి పాలైన పిల్లల్ని 40 ఏళ్ల వయసు దాకా గమనించారు. ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్లకి 12 ఏళ్లొచ్చేదాకా తిండి సాయం అందింది, ఒళ్లు కోలుకుంది. ధ్యాస మాత్రం కుదరలేదు. పెద్దయ్యాక కూడా, తోటి క్లాసు పిల్లలతో పోలిస్తే వీళ్లలో ఆందోళన, ఎదుటివాళ్ల మీద అపనమ్మకం ఎక్కువ. నలుగురిలో కలవడం తక్కువ.

నేను పుట్టిన ఏడు మా గేదె చచ్చిపోయిందట. అమ్మకి పాలు చాలక, నాకు గంజినీళ్లే పట్టారట. పెళ్లిళ్లకి వెళ్లాలంటే నాకు ఇప్పటికీ టెన్షన్, ఒక్కరి పేరూ గుర్తుండదు. గంజి వల్లేనా? ఒక్క మనిషిని చూసి అలా తేల్చలేం లెండి. అక్క మాత్రం తేల్చేసింది. ఈమధ్య ప్యాకెట్ ఇచ్చేముందు, గిన్నెలో పిండి కలిపి బుడ్డోడికి తన ఎదుటే తినిపిస్తోంది.