మోనోవిజన్ ఉన్న కళ్ళకు తడి ఎందుకంత ముఖ్యం

నలభై దాటి చత్వారం వచ్చినవారికి ఒక కంటిని దూరపు చూపుకూ, రెండవ కంటిని దగ్గర చూపుకూ సరిచేసే పద్ధతిని మోనోవిజన్ అంటారు. కాంటాక్ట్ లెన్సులతో గానీ, లేసిక్ అనే లేజర్ ఆపరేషన్‌తో గానీ, శుక్లం తీసి లెన్సు అమర్చేటప్పుడు గానీ దీన్ని చేయవచ్చు. గురి చూసేటప్పుడు మనకు తెలియకుండానే ముందుకు వచ్చే కంటిని సాధారణంగా దూరానికి కేటాయిస్తారు. ఏ పనిలో ఉన్నామో దాన్నిబట్టి మెదడు స్పష్టమైన బొమ్మను తీసుకుని మసక బొమ్మను పక్కన పెడుతుంది.

పొందూరులో సన్న నూలు వడికే మా పెద్దక్కకు శుక్లాల ఆపరేషన్ ఈ పద్ధతిలోనే జరిగింది. రాట్నం మీద తెగిన పోగును అతకడానికి ఎడమ కన్ను, వచ్చే బస్సు బోర్డు చదవడానికి కుడి కన్ను. మొదట అంతా సవ్యంగా ఉండి, తరువాత ఆమె ఒక మాట తరచు అనసాగింది: “పొద్దున్న బాగానే అగుపడతాది రా, మద్దేనానికి పోగు మసకైపోతంది.” రెప్ప ఆర్పగానే తేటపడి, కొద్ది క్షణాలకే మళ్ళీ మసకబారుతోందని అడిగితే చెప్పింది. లెన్సు పవర్ సరిపడకపోతే మసక నిలకడగా ఉంటుంది. ఇలా వచ్చిపోయే మసకకు ఎక్కువగా కన్నీటి పొరే కారణం.

కంటిలోకి వచ్చే వెలుతురు మొదట తాకేది కంటి ముందుండే పారదర్శకమైన కార్నియాను కాదు, దానిపై పరచుకున్న ఆ పలుచని కన్నీటి పొరను. కంటికి ఉన్న సుమారు 60 డయాప్టర్ల (లెన్సు పవర్‌ను కొలిచే ప్రమాణం) శక్తిలో మూడింట రెండు వంతులు ఈ ముందు భాగానిదే. రెప్ప ఆర్పిన తరువాత 10 సెకన్లలోపే ఆ పొర చిట్లిపోతుంటే వైద్యులు కళ్ళు పొడిబారాయని అనుమానిస్తారు. రెండు కళ్ళూ ఒకే దూరానికి సరిచేసి ఉంటే ఒకటి తడబడినా రెండవది ఆదుకుంటుంది. మోనోవిజన్‌లో ఆ ఆసరా చాలా తక్కువ. దగ్గర కన్ను ఆరిపోతే మెదడు ఎంచుకోవడానికి స్పష్టమైన బొమ్మే మిగలదు. పైగా పోగు మీదో ఫోను మీదో చూపు నిలిపినప్పుడు రెప్పలు ఆర్పడం బాగా తగ్గుతుంది, నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

శ్రీకాకుళంలో చూపించినప్పుడు వైద్యుడు పవర్ జోలికి పోకుండా ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలూ, రెప్పలకు గోరువెచ్చని కాపడమూ చెప్పారు. జలుబు, అలర్జీ మాత్రలు వాడుతున్నదీ లేనిదీ, షుగరు, థైరాయిడ్ ఉన్నదీ లేనిదీ అడిగారు; ఇవి కూడా కళ్ళను పొడిబార్చగలవు. ఆయన ఓపికకు నేను ఎంతో కృతజ్ఞుణ్ణి. కొన్ని వారాల్లో మధ్యాహ్నపు మసక చాలావరకు తగ్గింది.

మోనోవిజన్ చేయించుకోదలచినవారు ముందుగానే కన్నీటి పరీక్ష చేయించుకోవాలని నా గట్టి నమ్మకం. పొడిబారిన కార్నియా వంపు కొలతలు నిలకడగా రావు. ఆ కొలతలతో లెన్సు పవర్ నిర్ణయిస్తే రెండు కళ్ళ మధ్య అనుకున్న తేడాయే మారిపోవచ్చు. లేసిక్‌లో కార్నియా నరాలు తెగుతాయి కనుక కొన్ని నెలలు పొడిదనం పెరగడం మామూలే, కాంటాక్ట్ లెన్సులూ దాన్ని పెంచగలవు.

రాత్రి బండి నడిపేవారికి మరొక జాగ్రత్త అవసరం. ఎదురు లైట్ల వెలుగు ఆరిన కంటిలో చెదురుతుంది, రెండు కళ్ళ చూపు కలవనందున దూరం అంచనా కూడా కొంత తగ్గుతుంది. అటువంటివారు దగ్గర కంటిని కూడా దూరానికి సరిచేసే అద్దాలు విడిగా రాయించుకోవచ్చు; అవి ఎదురుగాలి నేరుగా కంటికి కొట్టకుండా కూడా కొంత అడ్డుపడతాయి.