మా చర్చి గోడ మీది వాక్యం

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి ఇంటిల్లిపాదీ వెళ్లాం. మేము లూథరన్లం, ఆ మేరీమాత గుడి క్యాథలిక్కులది, అయినా మా పిన్నికి ఆ కొండ ఎక్కకపోతే ఏడాది గడవదు. మెట్ల దగ్గర జనం కదలక ఆగిపోయినప్పుడు, విజయవాడలోనే ఉండే మా బావమరిది ఫోన్ తీసి ఒక వాట్సాప్ మెసేజ్ చూపించాడు. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నీకయ అనే ఊళ్లో బిషప్పులను కూర్చోబెట్టి బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో ఓట్లేయించాడట, అసలు యేసు అనే మనిషే లేడట. "దీనికేమంటావు బావా?" అన్నాడు, నన్ను ఇరికించాననే సంతోషంతో. పిన్ని ఊరుకుంటుందా, తన ఫోన్లోంచి ఇంకోటి తీసింది. ఎర్రసముద్రం అడుగున ఐగుప్తు రాజు ఫరో రథచక్రాలు దొరికాయట, ఫొటోతో సహా.

రెండూ చూసి నాకు ఒకే రకం చిరాకు వచ్చింది. గుంటూరులో ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాసి బతుకుతున్నవాణ్ణి. ఏ కాగితం చేతికొచ్చినా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, సాక్షులెవరు, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా, ఎక్కడ దిద్దారు అని చూడటం అలవాటైపోయింది. బైబిల్ కూడా చాలా ఏళ్లుగా అలాగే చదువుతున్నాను, పాస్టరు గారికి చెప్పకుండా.

రథచక్రాల ఫొటోకి నమ్మదగిన ఆధారం లేదు, దాన్ని పక్కన పెడదాం. బావమరిది సంగతి చూద్దాం. నీకయలో తగువు పుస్తకాల గురించి కాదు. ఏరియస్ అనే ఆయన కుమారుడైన యేసు తండ్రి అయిన దేవుడితో సమానుడు కాదు, సృష్టించబడినవాడు అన్నాడు, దాని మీద గొడవ. ఇప్పుడు మన చేతిలో ఉన్న 27 పుస్తకాల కొత్త నిబంధన జాబితా సరిగ్గా అలాగే మొదటిసారి కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన ఈస్టర్ లేఖలో. అప్పటికి కాన్‌స్టాంటైన్ చనిపోయి ముప్పై ఏళ్లు. నాలుగు సువార్తలే ఉండాలనే మాటైతే అంతకు చాలా ముందే, సుమారు 180లో, ఇరేనియస్ అనే బిషప్ రాశాడు.

ఇక మనిషే లేడన్న మాట. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సుమారు 116లో రాస్తూ, 64లో రోము నగరం తగలబడినప్పుడు నీరో చక్రవర్తి ఆ నేరాన్ని క్రైస్తవుల మీదికి నెట్టాడని, తిబెరి చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు అనే రోమన్ అధికారి చంపించిన క్రీస్తు నుంచి వాళ్లకా పేరు వచ్చిందని చెప్పాడు. టాసిటస్‌కు క్రైస్తవులంటే అసహ్యం, ఆ మతం ఒట్టి మూఢనమ్మకం అని అక్కడే రాశాడు. ఎదుటి పార్టీవాడు తన నోటితో ఒప్పుకున్న మాటకి కోర్టులో ఎంత బలముంటుందో చెప్పక్కర్లేదు. ఆ పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో ఇజ్రాయెల్ తీరంలోని కైసరయలో బయటపడింది, ఎవరో దాన్ని పాత నాటకశాల మెట్లకి వాడేసుకున్నారు.

యూదు చరిత్రకారుడు జోసీఫస్ దగ్గరికొస్తే మాత్రం మనవాళ్లు కాస్త తగ్గాలి. కన్వెన్షన్లలో ప్రసంగీకులు గొప్పగా చదివే భాగం ఒకటుంది, అందులో యేసును పొగిడి "ఆయనే క్రీస్తు" అంటాడు. కడదాకా యూదుడిగానే ఉన్న మనిషి ఆ మాట ఎలా రాస్తాడు? తర్వాత నకలు రాసిన క్రైస్తవుడెవరో చెయ్యి పెట్టాడని, అడుగున అసలు మాటలు కొన్ని ఉండి ఉంటాయని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దాన్ని వదిలేసి నేనైతే అదే గ్రంథంలో ఇంకోచోటు చూపిస్తాను. ఒక ప్రధానయాజకుడు ధర్మశాస్త్రం మీరారని కొందరిని రాళ్లతో కొట్టించిన సంగతి చెబుతూ, అందులో ఒకడైన యాకోబు ఎవరో తెలియడానికి "క్రీస్తు అనబడే యేసు తమ్ముడు" అని ఊరికే అనేసి వెళ్లిపోతాడు. దస్తావేజులో హద్దులు రాసేటప్పుడు తూర్పున ఫలానా వారి పొలం అని రాస్తామే, అలాంటిది. ఆ ఫలానా ఆయన్ని పొగడటానికి రాసింది కాదు కాబట్టే అక్కడ అలాంటి మనిషి ఉన్నాడని నమ్ముతాం. ఇదే యాకోబును స్వయంగా చూశానని, పేతురు దగ్గర పదిహేను రోజులు ఉన్నానని అపొస్తలుడు పౌలు గలతీయులకు ఉత్తరంలో రాసుకున్నాడు.

పౌలు ఉత్తరాలు 50ల నాటివి. సిలువ వేసింది సుమారు 30లో. మార్కు సువార్త 70 ప్రాంతంలో, మిగిలిన మూడు సువార్తలూ ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్లలో. "నలభై ఏళ్ల తర్వాత రాస్తే ఏం గుర్తుంటుంది బావా" అంటాడు బావమరిది. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంలో జరిగితే, దాన్ని రాశాడని చెప్పుకునే శ్రీనాథుడు దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత పుట్టినవాడు. అయినా బ్రహ్మనాయుడే లేడని కారంపూడి వెళ్లి అని రమ్మనండి చూద్దాం! అలాగని కోడిపందెంలో ఎవరు ఏ మాటన్నారో అక్షరం పొల్లుపోకుండా అలాగే జరిగిందని కూడా నేను ప్రమాణం చెయ్యను.

లూకా సువార్త దగ్గర నాకు నిజంగా ఇబ్బంది ఉంది. యేసు పుట్టింది హేరోదు రాజు రోజుల్లో అంటాడు, కురేనియ సిరియాకు అధిపతిగా ఉన్నప్పుడు జరిగిన ప్రజాసంఖ్య రాసే సమయంలో అనీ అంటాడు. హేరోదు చనిపోయింది, ఎక్కువమంది లెక్క ప్రకారం, క్రీస్తుపూర్వం 4లో. కురేనియ జనాభా లెక్క క్రీస్తుశకం 6లో. మధ్యలో దాదాపు పదేళ్ల తేడా. కురేనియ రెండుసార్లు అధిపతిగా చేశాడని, గ్రీకు మాటను "అంతకుముందు" అని చదవాలని ఏవేవో అతుకులు విన్నాను, ఏదీ నిలవలేదు నాకు. నా టేబుల్ మీదికి ఇలాంటి కాగితం వస్తే తేదీ తప్పుపడింది అంటాను, పొలమే లేదని అనను. ఈ ఒక్క మాట ఒప్పుకోవడానికి మనవాళ్లకి ఎందుకంత టెన్షనో అర్థం కాదు.

అసలు ప్రతులు ఒక్కటీ లేవు, అన్నీ నకళ్లే. బాగా పాతదని చెప్పే యోహాను సువార్త ముక్క ఇంగ్లాండులో మాంచెస్టర్ లైబ్రరీలో ఉంది. ఏటీఎం కార్డంత పాపిరస్, సాధారణంగా రెండో శతాబ్దానిదంటారు, పిలాతు యేసును విచారించే చోటు. వేల నకళ్లు ఉన్నాయి కాబట్టి తేడాలూ చాలా ఉన్నాయి, ఎక్కువ భాగం అక్షరదోషాల్లాంటివే. కానీ ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోవచ్చు, ఎవడు ఎక్కడ కలిపాడో పట్టుకోవచ్చు. ఒకే నకలు ఉండి అందులో ఒక్క కొట్టివేత కూడా లేకపోతే నేను ఇంకా అనుమానిస్తాను.

యేసు చనిపోయి లేచిన పునరుత్థానం సంగతి అడక్కండి. లేచిన యేసును చూశామని వాళ్లు గట్టిగా నమ్మారు, అంతవరకే కాగితం చెప్పగలదు. ఖాళీ సమాధి మొదట చూసింది ఆడవాళ్లని రాసుకోవడం మాత్రం నన్ను ఆపుతుంది. ఆడవాళ్ల సాక్ష్యానికి పెద్ద విలువివ్వని కాలంలో కథ కల్పించేవాడెవడైనా పేతురునే ముందు పంపేవాడు కదా. నేను నమ్ముతాను. అది దస్తావేజులు చూసి వచ్చిన నమ్మకం కాదు, మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది.

ఇదంతా కొండ దిగి ఆటో కోసం నిలబడ్డప్పుడు చెబుతున్నాను. మార్కు సువార్త నాలుగో శతాబ్దపు రెండు ముఖ్యమైన ప్రతుల్లో 16వ అధ్యాయం 8వ వచనం దగ్గరే, ఆడవాళ్లు భయపడి ఎవరికీ ఏమీ చెప్పకుండా పారిపోవడంతోనే ఆగిపోతుందని, పాముల్ని ఎత్తిపట్టుకోవడం గట్రా ఉన్న చివరి 12 వచనాలు తర్వాత ఎవరో చేర్చినవని అన్నాను. పిన్ని కాసేపు ఏమీ మాట్లాడలేదు. కళ్లజోడు సర్దుకుని, "ఒరే, మరి సర్వలోకమునకు వెళ్లి సర్వసృష్టికి సువార్తను ప్రకటించుడి అన్నది?" అంది.

"అదీ అందులోదే పిన్నీ. 15వ వచనం."

మా చర్చి ముందుగోడ మీద అడుగెత్తు అక్షరాలతో ఉన్న వాక్యం అదే. పెయింటు ఖర్చు ఇచ్చింది పిన్నే.

"అయితే ఇప్పుడు సున్నం కొట్టించమంటావా ఏంటి?" అని ఆటో ఎక్కేసింది.

బావమరిది నవ్వాడు. నాకు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు.