60 కిలోమీటర్లు, 800 మీటర్ల ఎక్కుడు

శనివారం సాయంత్రం

రేపటి సైకిల్ రైడుకు రూటు గీయడం అయింది. దూరం 60 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు, అంటే దారిలో పైకి ఎక్కే ఎత్తులన్నీ కలిపి, 800 మీటర్లు. అంటే కిలోమీటరుకు 13 మీటర్ల చొప్పున. 10 లోపుంటే ఎగుడుదిగుడు దారి, 20 దాటితే అచ్చంగా కొండ రైడు అని నా లెక్క. ఇది నడిమి రకం. కానీ ఈ మొత్తం అంకె చెప్పేది తక్కువే. 800 మీటర్లూ చిన్న చిన్న మిట్టలుగా చెదిరి ఉంటే కాళ్లకు మధ్యలో ఊపిరి దొరుకుతుంది. అందులో మూడో వంతు ఒకే కొండ మీద పడితే రైడంతా ఆ కొండ చెప్పినట్టే నడుస్తుంది.

రేపటి పెద్ద కొండ 4 కిలోమీటర్లు, సగటు వాలు 6 శాతం, అంటే వంద మీటర్లు పోతే 6 మీటర్లు పైకి. యాప్‌లో దారి ఎత్తుపల్లాలు చూపే గ్రాఫుని (ప్రొఫైల్) పెద్దది చేసి చూస్తే అసలు సంగతి తెలిసింది: మొదటి రెండు కిలోమీటర్లు 4 శాతం, మూడోది 6, చివరిది 10. ఊరు దాటగానే తేలిగ్గా ఉంది కదా అని జోరుగా తొక్కేసేవాళ్లు ఆగిపోయేది ఆ చివరి కిలోమీటరులోనే. ఇంకో చోట 50 మీటర్ల పాటు 22 శాతం చూపించింది. దాన్ని నమ్మలేదు. చాలా యాప్‌లు నేలను గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి అంతరిక్షం నుంచి కొలిచిన ఒక్కో ఎత్తును వాడతాయి. కొండ పక్కను తొలిచి వేసిన రోడ్డు మీద, రోడ్డు ఎత్తుకు బదులు పక్కనున్న గట్టు ఎత్తు ఆ గడిలో పడుతుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీతలు గీసిన కాంటూర్ మ్యాపులో రోడ్డు ఆ గీతలకు సమాంతరంగానే పోతోంది కాబట్టి అక్కడ నిజంగా ఏటవాలు లేదు. చివరి కిలోమీటరు మాత్రం నిజమే: 20 మీటర్ల తేడాతో గీసిన గీతల్లో ఐదింటిని రోడ్డు దాటుతోంది.

10 శాతం వాలులో గంటకు 8 కిలోమీటర్లు పోవాలంటే, మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలైతే దాదాపు 185 వాట్లు కావాలి. ముందు పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక దానికి 28 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ రెండున్నర మీటర్లు కదులుతుంది. ఆ వేగానికి నిమిషానికి 52 చుట్లే. అంత బరువుగా తొక్కితే భారమంతా మోకాళ్ల మీదే. వెనక 34 పళ్లుంటే 63 చుట్లు వస్తాయి. పెద్ద క్యాసెట్‌ని (వెనక పళ్ల చక్రాల గుత్తిని) చూసి నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

క్యాసెట్ మార్చినప్పుడు చైన్ పొడవు కూడా చూసుకోవాలి. ముందూ వెనకా రెండూ పెద్ద పళ్ల చక్రాల మీదకు చైన్‌ని ఎక్కించినప్పుడు డీరైలర్ (చైన్‌ని ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదకు జరిపే వెనక గేరు భాగం) ముందుకు సాగి బిగుసుకుపోతే చైన్ చాలనట్టే. దారిలో పొరపాటున ఆ గేరు పడితే డీరైలర్ విరగొచ్చు. డీరైలర్ లోపలి వైపు ఎంతవరకు పోవాలో హద్దు పెట్టే ఎల్ స్క్రూ ఇంకా ముఖ్యం. చదును రోడ్డు మీద వెనక అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రాన్ని ఎవరూ వాడరు, అందుకే అది సరిగా లేదన్న సంగతి బయటపడదు. కొండ మీద బలంగా తొక్కుతూ ఆ గేరు వేయగానే చైన్ అవతలికి దూకి స్పోకుల్లో చిక్కుకుంటుంది. స్టాండు మీద పెట్టి, డీరైలర్‌ని చేత్తో లోపలికి నెట్టినా చైన్ ఆ చక్రం దాటి పోకుండా స్క్రూ బిగిస్తే సరి.

టైర్లు 28 మిల్లీమీటర్లవి, గాలి ముందు 65, వెనక 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). గాలి మరీ తక్కువైతే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. వెంట తీసుకెళ్లేవి: రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు ఊడదీసే లివర్లు, పంపు, తెగిన చైన్‌ని కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింక్ ఒకటి. 11 స్పీడ్ (వెనక 11 గేర్ల) చైన్‌కి 10 స్పీడ్ లింక్ పనికిరాదు.

ఈ రూటుని ఎటు నుంచి తిరగాలన్నది చాలాసేపు తేలలేదు. ఏటవాలు వైపు ఎక్కి మెల్లటి వాలు వైపు దిగడమే మేలనిపించింది. గేర్లుంటే ఏటవాలు ఎక్కడం వట్టి శ్రమ, అంతే. ఇరుకు రోడ్డులో అదే వాలు దిగడం ప్రమాదం. దిగుతున్నంతసేపూ బ్రేకులు నొక్కిపట్టి ఉంచితే వేడెక్కుతాయి. చక్రం అంచునే పట్టుకునే రిమ్ బ్రేకులైతే ఆ వేడికి ట్యూబు పేలొచ్చు కూడా. మలుపుకి ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. పొలాల దారి రోడ్డెక్కే చోట ట్రాక్టర్లు వదిలిన మట్టి, ఊళ్ల మొదట్లో స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు మీద పశువులు ఉంటాయి. అలాంటి చోట్ల యాప్ చూపించే సగటు వేగం కుదరదు.

గంటకు 600 మీటర్లు ఎక్కగలమనుకుంటే ఎక్కుడుకు 80 నిమిషాలు. ఎక్కుడు దారి 13 కిలోమీటర్లనుకుంటే మిగతా 47 కిలోమీటర్లకు గంటా ముప్పావు. ఆగడాలు కలిపి మూడున్నర గంటలు. గంటకు 500 నుంచి 750 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి కాబట్టి రెండు సీసాలు చాలవు. కొండ కింది ఊళ్లో నింపుకోవాలి. బరువని ఖాళీ సీసాతో ఎక్కేవాళ్లుంటారు. 80 కిలోలకు ఇంకో కిలో ఒక లెక్కా?

ఎండ ముదిరాక వాలులు వేడెక్కి లోయలోంచి పైకి గాలి వీస్తుంది. తిరుగు దారి లోయ వెంట కిందికే కాబట్టి అది ఎదురుగాలవుతుంది. తెల్లవారగానే బయలుదేరితే ఆ గాలి పుంజుకునేలోపు లోయ దాటేయొచ్చు. అలారం ఐదింటికి.